బ్లాక్స్‌తో కట్టే రోబో బొమ్మలు: పెట్టె మీద రాసేది, లోపల ఉండేది

"రోబో కిట్" అని రాసి ఉన్న పెట్టెలు నాలుగు పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకే రకం వస్తువులా అనిపిస్తాయి. అన్నిటి మీదా రెండు కళ్లు, రెండు చేతులు ఉన్న బొమ్మ, పక్కన నవ్వుతున్న పిల్లవాడు, మూలన వయసు. లోపల సరుకు మాత్రం వేరువేరు. ఒకదాంట్లో ఉత్త బ్లాక్సే ఉంటాయి. బిగిస్తే రోబో ఆకారం వస్తుంది, అంతవరకే. రెండోదాంట్లో మోటార్, బ్యాటరీ పెట్టె, స్విచ్ ఉంటాయి. స్విచ్ వేస్తే నడుస్తుంది, గోడకు గుద్దుకున్నా కాళ్లు ఆడిస్తూనే ఉంటుంది. మూడోది రిమోట్‌తోనో ఫోన్‌తోనో నడిపేది. నాలుగోదాంట్లో సెన్సర్లు, ఒక చిన్న కంప్యూటర్ ఉంటాయి. గోడ దగ్గరికొస్తే ఏం చేయాలో పిల్లలు ముందుగా ప్రోగ్రామ్ రాసిపెడితే, తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే అది ఆ పని చేస్తుంది.

ఇంజినీర్లు రోబో అనేది ఈ నాలుగోదాన్నే. చుట్టూ ఏముందో గమనించాలి, దాన్నిబట్టి ఏం చేయాలో తేల్చుకోవాలి, తేల్చుకున్న ప్రకారం కదలాలి. రిమోట్ బొమ్మలో చూసేది, తేల్చుకునేది పిల్లవాడే. బొమ్మ వంతు కదలడం ఒక్కటే. అలాగని మొదటి మూడింటినీ తీసిపారేయక్కర్లేదు. నాలుగేళ్ల పిల్లకు మొదటి రకమే సరిపోతుంది. గేర్లు ఎలా పనిచేస్తాయో కళ్లతో చూడాలంటే రెండో రకం చాలా మంచిది. ఇబ్బంది ఎక్కడంటే, పిల్లలకు కోడింగ్ వస్తుందన్న ఆశతో రెండో రకం కొనుక్కొచ్చి, నెల తిరిగేసరికి "వీడికి దీని మీద ఆసక్తి లేదు" అని తేల్చేయడం దగ్గర. ఆ బొమ్మలో నేర్చుకోవడానికి కోడింగే లేనప్పుడు పిల్లవాణ్ని అనడం అన్యాయం.

నా మటుకు ఈ బొమ్మలను కొలిచే కొలబద్ద ఒకటే. పిల్లలు అనుకున్నది ఒకటి, రోబో చేసింది ఇంకొకటి అయినప్పుడే నేర్చుకోవడం మొదలవుతుంది. ఆ తేడా పిల్లల కంటికి కనబడాలి, ఎందుకొచ్చిందో వాళ్లే వెతకగలగాలి, విప్పి మార్చి మళ్లీ నడిపి చూడగలగాలి. దానికి వీలిచ్చే కిట్ చిన్నదైనా మంచిదే. వీలివ్వని కిట్‌లో ఎన్ని లైట్లు వెలిగినా, ఎన్ని పాటలు పాడినా అది వారం రోజుల సంబరం.

బ్లాకు కొలతల్లో ఉన్న లెక్క

అన్నిటికంటే ముందు బ్లాకు సంగతి. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో మొదలుపెట్టిన చెక్క బొమ్మల పనే తర్వాత లెగో కంపెనీ అయింది. ఆ కంపెనీ 1949లో తెచ్చిన ప్లాస్టిక్ ఇటుకలు లోపల బోలుగా ఉండేవి. ఒకదాని మీద ఒకటి నిలబడేవే కానీ గట్టిగా పట్టుకునేవి కావు. 1958లో పేటెంట్ తీసుకున్న ఇటుకకు లోపల గొట్టాలు పెట్టారు. కింది ఇటుక బొడిపెలు పై ఇటుక గోడలకూ ఈ గొట్టాలకూ మధ్య ఇరుక్కుని బిగుసుకుంటాయి. పిల్లల చేతికి ఊడివచ్చేంత వదులు, ఎత్తి పట్టుకుంటే రాలిపోనంత బిగువు. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరు తీసుకుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపవచ్చని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ గణితవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్క తేల్చారు.

ఇల్లో కోటో కడితే బిగువు కాస్త తగ్గినా పరవాలేదు. మోటార్ పెట్టాక అలా కుదరదు. ప్రతి కుదుపుకూ అతుకులు కొంచెం కొంచెం వదులవుతాయి, ఇరుసు పక్కకు ఒరుగుతుంది, గేర్ పళ్లు ఒకదాన్నొకటి వదిలేసి టకటకమంటూ జారతాయి. చవక కిట్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మంచి బ్లాకుల అచ్చులను మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా రాకుండా చేస్తారు. అచ్చు నాసిరకమైతే రోబో నడవదు. తప్పు ప్రోగ్రామ్‌లో ఉందా, కట్టిన తీరులో ఉందా, ప్లాస్టిక్‌లోనే ఉందా అన్నది పిల్లలకు తెలియదు. అలా చాలామంది పిల్లలు తమదికాని తప్పుకు తమకు చేతకాదనుకుని వదిలేస్తారు. నాకు ఈ బొమ్మల విషయంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

కదిలే బొమ్మల కోసం లెగో 1977లో టెక్నిక్ అనే వరుస తెచ్చింది. పక్కవాటుగా రంధ్రాలున్న ఇటుకలు, ఇరుసులు, పిన్నులు, గేర్లు అందులో ఉంటాయి. ఇక్కడ ఒక చక్కటి లెక్క దాగి ఉంది. బొడిపె నుంచి బొడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు మాత్రం 9.6 మిల్లీమీటర్లు. రంధ్రాలున్న ఇటుకలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఊడకుండా ఉండాలని నిలువుగా ఒక రంధ్రాల కడ్డీ తగిలించబోతే పిన్ను దూరదు. కడ్డీ రంధ్రాల మధ్య 8, ఇటుకల రంధ్రాల మధ్య 9.6. మరి ఏం చేయాలి? ఇటుకలో మూడో వంతు ఎత్తుండే పలకలు ఉంటాయి, ఒక్కోటి 3.2 మిల్లీమీటర్లు. రెండు ఇటుకల మధ్య రెండు పలకలు పెడితే రంధ్రం నుంచి రంధ్రానికి దూరం 9.6, 6.4 కలిపి సరిగ్గా 16 అవుతుంది. అంటే రెండు ఎనిమిదులు. ఇప్పుడు పిన్ను సుతారంగా దిగుతుంది. అలా నిలువు కడ్డీ బిగించిన చట్రం మోటార్ ఎంత ఊగినా విడిపోదు. దీన్ని పెద్దవాళ్లు చెప్పేస్తే పిల్లలు తల ఊపి మర్చిపోతారు. తమంతట తాము పలకలు పెట్టి తీసి చూసి కనిపెడితే ఇక ఎప్పటికీ మర్చిపోరు.

వేగం కావాలా, బలం కావాలా

చిన్న మోటార్లు చాలా వేగంగా తిరుగుతాయి కానీ వాటికి బలం తక్కువ. చక్రాన్ని నేరుగా మోటార్‌కి తగిలిస్తే నున్నటి నేల మీద బండి రయ్యిన పోతుంది, చిన్న వాలు ఎక్కమంటే ఆగిపోతుంది. మోటార్ వైపు 8 పళ్ల గేర్, చక్రం వైపు 24 పళ్ల గేర్ పెడితే చిన్నది మూడుసార్లు తిరిగినప్పుడు పెద్దది ఒక్కసారి తిరుగుతుంది. వేగం మూడో వంతుకు పడిపోతుంది. తిప్పే బలం, రాపిడికి పోయింది పోగా, దాదాపు మూడు రెట్లవుతుంది. అదే మోటార్, అవే బ్యాటరీలు, కానీ ఇప్పుడు బండి వాలు ఎక్కుతుంది. గేర్లు అటుదిటు చేస్తే చదును నేల మీదే మొరాయిస్తుంది. తిరుగుతున్న చక్రాన్ని ఒక్క క్షణం వేళ్లతో ఆపి చూడమనండి. గేర్లు మార్చకముందు ఆగిన చక్రం, మార్చాక వేళ్లను నెట్టేస్తుంది. బళ్లో చదివిన నిష్పత్తి చేతికి తెలిసే క్షణం అది.

వర్మ్ గేర్ ఇంకా ఆసక్తికరం. స్క్రూలా చుట్లు తిరిగి ఉండే ఈ గేర్ ఒక చుట్టు తిరిగితే పక్కనున్న చక్రం ఒక్క పన్ను మాత్రమే జరుగుతుంది. 24 పళ్ల చక్రం ఒకసారి తిరగాలంటే వర్మ్ 24 సార్లు తిరగాలి. పైగా అటునుంచి చక్రాన్ని ఎంత తిప్పినా వర్మ్ తిరగదు. అందుకే బరువెత్తే చేతికి దీన్ని వాడితే మోటార్ ఆపేసినా చెయ్యి కిందకి జారదు.

90 అని రాస్తే 42 తిరిగిన రోబో

సెన్సర్లు, ప్రోగ్రామ్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది పెద్దలు "ఇక కంప్యూటర్ సంగతి కదా" అని పక్కకు తప్పుకుంటారు. కానీ ఇక్కడ వచ్చే చిక్కుల్లో చాలావరకు కంప్యూటర్‌వి కావు, బయటి ప్రపంచానివి.

ఒక సంఘటన చెబుతాను. మా అక్క కూతురు పదేళ్లప్పుడు రెండు చక్రాల రోబో కట్టి, దాన్ని చతురస్రంగా తిప్పాలనుకుంది. ముందుకు వెళ్లు, కుడివైపు తిరుగు, మళ్లీ ముందుకు వెళ్లు. నాలుగుసార్లు. తిరగమనే చోట 90 అని పెట్టింది. రోబో సగం కూడా తిరగలేదు. "దీనికి లెక్కలు రావు మావయ్యా" అంది. "90 డిగ్రీలు ఎవర్ని తిరగమన్నావు?" అని అడిగాను. కాసేపు స్క్రీన్ వైపు, కాసేపు రోబో వైపు చూసి, "చక్రాన్నా?" అంది. అవును, ఆ అంకె చక్రం తిరగాల్సిన కోణం. రోబో తిరగాల్సిన కోణం వేరు.

తర్వాత 150 పెట్టింది, 200 పెట్టింది, 190కి వచ్చింది. ఊహిస్తూ దగ్గరికి రావడం కూడా మంచి పద్ధతే. అప్పుడు స్కేలు తెచ్చాం. చక్రం వ్యాసం 56 మిల్లీమీటర్లు, రెండు చక్రాల మధ్య దూరం 120. ఒక చక్రం ముందుకు, ఇంకోటి వెనక్కి తిరిగితే రోబో ఉన్నచోటే తిరుగుతుంది. అప్పుడు రెండు చక్రాలూ నేల మీద 120 వ్యాసమున్న ఒక వృత్తం వెంట నడుస్తాయి. రోబో పావు వంతు తిరగాలంటే చక్రం ఆ వృత్తంలో పావు వంతు దూరం పోవాలి. చక్రం తాను ఒక చుట్టు తిరిగితే పోయేది 56 వ్యాసమున్న వృత్తం చుట్టుకొలత. రెండు చుట్టుకొలతల్లోనూ పై (π) ఉంది కాబట్టి అది కొట్టేయబడుతుంది. మిగిలేది 120ని 56తో భాగించడమే, అంటే రెండు కంటే కొంచెం ఎక్కువ. దాన్ని 90తో గుణిస్తే దాదాపు 193. అదే లెక్క వెనక్కి వేస్తే, 90 పెట్టినప్పుడు రోబో 42 డిగ్రీలే తిరగడం కూడా తేలిపోయింది. పై కొట్టేయబడిందని చూసినప్పుడు ఆ పిల్ల ముఖంలో వచ్చిన సంతోషం ఏ పరీక్ష మార్కులకూ రాదు.

కథ అక్కడితో ముగియలేదు. 193 పెట్టాక కూడా చతురస్రం సరిగ్గా మూసుకోలేదు. ఒక్కో మలుపులో రెండు డిగ్రీల తేడా ఉంటే నాలుగు మలుపులకు ఎనిమిది డిగ్రీలవుతుంది. టైర్లు కాస్త జారతాయి, గేర్ల మధ్య సందు ఉంటుంది, తివాచీ మీద ఒకలా, నున్నటి బండల మీద ఒకలా తిరుగుతుంది. లెక్క కరెక్టే, నేల లెక్కలో లేదు. ఇంజినీర్లు జీవితాంతం పడే తంటాలు ఇవే. వాటిని పదేళ్ల వయసులో, ఎవరికీ నష్టం లేని చోట చవిచూడటం ఎంత విలువైనదో మాటల్లో చెప్పడం కష్టం.

సెకన్ల లెక్కన తిరగమని రాసే కిట్లలో ఇంకో చిక్కు ఉంది. చక్రం ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్ లేని మోటార్లకు "అర సెకను తిరుగు" అనే చెప్పాలి. కొత్త బ్యాటరీలతో ఆ అర సెకనులో తిరిగినంత, అరిగిన బ్యాటరీలతో తిరగదు. నిన్న సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ ఒక్క అక్షరం మారకుండా ఇవాళ తప్పుగా నడుస్తుంది. పిల్లలకు పిచ్చెక్కిపోతుంది. కిట్ కొనేటప్పుడు మోటార్ తిరిగిన కోణాన్ని కొలవగలదా లేదా అన్నది తప్పకుండా చూడాల్సిన విషయం. పెట్టె మీద పెద్దక్షరాలతో ఇది ఎవరూ రాయరు.

దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ మన చెవికి వినబడని శబ్దాన్ని వదిలి, అది తగిలి తిరిగివచ్చే సమయాన్ని కొలుస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే పోయిరావడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరు కూడా పట్టవు. గట్టి గోడ ఎదురుగా ఉంటే బాగానే ఉంటుంది. మెత్తటి కర్టెన్ శబ్దాన్ని మింగేస్తుంది, ఏటవాలుగా ఉన్న గోడ దాన్ని వేరే వైపుకు పంపేస్తుంది. అప్పుడు రోబోకి ముందు ఏమీ లేనట్టే అనిపించి నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది.

నల్ల గీత వెంట నడిచే రోబో చాలా కిట్లలో ఉంటుంది. కాంతి సెన్సర్‌కి తెల్ల కాగితం మీద 80, నల్ల గీత మీద 10 వచ్చాయనుకుందాం. మధ్యలో 45. అంతకంటే ఎక్కువొస్తే ఒకవైపు, తక్కువొస్తే ఇంకోవైపు తిరగమంటే రోబో గీత అంచు పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ పోతుంది. ఈ ఊపు తగ్గించడం ఎలా? 45కి ఎంత దూరంలో ఉన్నామో చూసి, దూరం ఎక్కువైతే ఎక్కువగా, తక్కువైతే కొంచెంగా తిరగమనాలి. ఈ చిన్న మార్పుతో రోబో నడక ఒక్కసారిగా నున్నగా అయిపోతుంది. ఫ్యాక్టరీల్లో యంత్రాల వేగాన్నీ ఉష్ణోగ్రతనూ అదుపులో పెట్టే పద్ధతులకు పునాది ఈ ఆలోచనే. మధ్యాహ్నం కిటికీ దగ్గర ఎండలో తీసిన రీడింగ్ రాత్రి ట్యూబ్‌లైట్ కింద పనికిరాకపోవచ్చు. కొలతలు మళ్లీ తీసుకోవాలి.

ఈ ఆలోచన ఎక్కడిది

పిల్లలు యంత్రానికి పని నేర్పితే తాము నేర్చుకుంటారు అన్నది సేమూర్ పాపర్ట్ ఆలోచన. ఆయన 1928లో దక్షిణాఫ్రికాలో పుట్టిన గణితవేత్త. జెనీవాలో ప్రసిద్ధ బాల మనస్తత్వ పరిశోధకుడు జీన్ పియాజే దగ్గర కొన్నేళ్లు పనిచేసి, తర్వాత అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయానికి వెళ్లారు. వాలీ ఫోర్‌జీగ్, సింథియా సోలమన్‌లతో కలిసి 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. నేల మీద పాకుతూ గీతలు గీసే తాబేలు రోబోను ఆ భాషతో నడిపేవాళ్లు. తాబేలు వృత్తం గీయాలంటే ఏం చెప్పాలో తెలియకపోతే, నువ్వే తాబేలువనుకుని నడిచి చూడు అనేవారు. కొంచెం ముందుకు, కొంచెం పక్కకు, మళ్లీ కొంచెం ముందుకు. పిల్లలు లేచి నడిచి చూసి, ఆ నడకనే ఆదేశాలుగా రాసేవాళ్లు.

చదవడం రాని పిల్లల సంగతి? ఎంఐటీలోనే 1970లలో రాడియా పర్ల్‌మన్ బడికి వెళ్లని వయసు పిల్లల కోసం బటన్లతో, కార్డులతో తాబేలును నడిపే పెట్టెలు తయారుచేశారు. కంప్యూటర్ నెట్‌వర్కుల్లో ఇప్పటికీ వాడే స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించింది కూడా ఆమే. స్క్రీన్ లేకుండా కోడింగ్ నేర్పే నేటి బొమ్మలన్నీ ఆ దారిలోవే. మరీనా బేర్స్ టఫ్ట్స్ యూనివర్సిటీలో ఉండగా రూపొందించిన కిబో అనే రోబో కిట్‌లో చెక్క బ్లాకుల మీద బార్‌కోడ్‌లుంటాయి. పిల్లలు "ముందుకు", "ఊగు", "ఆగు" బ్లాకులను వరుసగా పేర్చి రోబోకి ఒక్కొక్కటీ చూపిస్తారు. అదే వాళ్ల ప్రోగ్రామ్.

ఎంఐటీ, లెగో కలిసి 1980లలో పనిచేయడం మొదలుపెట్టాయి. మొదట్లో బొమ్మను తీగతో కంప్యూటర్‌కి కట్టేయాల్సి వచ్చేది. 1998లో వచ్చిన మైండ్‌స్టార్మ్స్ కిట్‌లో కంప్యూటర్ ఒక పెద్ద పసుపు బ్లాకులోకి దూరిపోయింది. దాని పేరు ఆర్‌సీఎక్స్, మెమరీ 32 కిలోబైట్లు. కిట్ పేరు పాపర్ట్ 1980లో రాసిన పుస్తకం నుంచి తీసుకున్నదే. విడుదలైన కొద్ది వారాల్లోనే స్టాన్‌ఫర్డ్ విద్యార్థి ఒకరు ఆ బ్లాకు లోపలి పనితీరునంతా విప్పి అందరికీ చెప్పేశారు. కంపెనీ కేసు పెట్టకుండా, సాఫ్ట్‌వేర్‌ని మార్చుకునే హక్కును తన లైసెన్సులోనే రాసిచ్చింది. ఆ ఒక్క నిర్ణయం వల్ల ఎందరో ఔత్సాహికులు ఆ బ్లాకుకు కొత్త భాషలు నేర్పారు. 2006, 2013, 2020లలో కొత్త తరాలు వచ్చాయి. 2022 చివరికి మైండ్‌స్టార్మ్స్ వరుసను ఆపేశారు.

ఆడుకుంటే తెలివి పెరుగుతుందా

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. పెట్టెల మీద "తార్కిక శక్తి పెరుగుతుంది", "సృజనాత్మకత వికసిస్తుంది" అని రాసేస్తారు. లోగో భాష బళ్లలోకి వచ్చిన కొత్తలో, 1980లలో, న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ ఒక పరీక్ష చేశారు. ఏడాదిపాటు లోగో నేర్చుకున్న పిల్లలకు తరగతి గదిలో పనులను తక్కువ తిరుగుడుతో ఎలా చేయాలో ప్లాన్ వేయమని ఇచ్చారు. లోగో నేర్చుకోని పిల్లల కంటే వాళ్లు మెరుగ్గా ఏమీ చేయలేదు. పాపర్ట్ దీనికి గట్టిగానే జవాబిచ్చారు. లోగో అనే వస్తువు పిల్లలకు ఏం చేస్తుంది అని అడగడమే పొరపాటని, దాని చుట్టూ ఎలాంటి వాతావరణం ఉందన్నదే ముఖ్యమని ఆయన వాదన.

నాకు రెండు వైపుల మాటా నిజమే అనిపిస్తుంది. కోడింగ్ నేర్చుకున్నంత మాత్రాన అన్ని విషయాల్లోనూ తెలివి దానంతటదే పెరిగిపోదు. 90, 193 దగ్గర మా అక్క కూతుర్ని ఎవరూ ప్రశ్న అడగకపోయి ఉంటే 190 పెట్టి సరిపెట్టుకునేది. అప్పుడు నేర్చుకునేది తక్కువే. తేడా తెచ్చింది ఒక ప్రశ్న, ఒక స్కేలు. ఇంట్లో పెద్దవాళ్లకు ప్రోగ్రామింగ్ రాకపోయినా ఆ పని చేయవచ్చు. "ఏం జరుగుతుందనుకున్నావు? ఏం జరిగింది? ఎక్కడి నుంచి తేడా మొదలైంది?" అని అడగడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. చేయకూడనిదల్లా రోబోను చేతిలోకి లాక్కుని మనమే సరిచేసేయడం. పోటీల ముందు ఈ ఆత్రం మరీ ఎక్కువగా ఉంటుంది. 1998లో మొదలైన ఫస్ట్ లెగో లీగ్, 2004లో మొదలైన వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ లాంటి పోటీల్లో జడ్జీలు పిల్లల్నే నిలబెట్టి ఎందుకిలా కట్టారో అడుగుతారు. పెద్దలు కట్టిచ్చిన రోబో ఆ ప్రశ్నలకు నిలబడదు.

సూచనల పుస్తకం గురించి కూడా ఒక మాట. బొమ్మల్లో చూపినట్టు ఒక్కో ముక్కా పెట్టుకుంటూ పోవడం తేలికైన పనేమీ కాదు. కాగితం మీది బొమ్మను చూసి వస్తువును మనసులో తిప్పి చూడటం ఒక నైపుణ్యం. కానీ అక్కడే ఆగిపోతే చిక్కు. పేజ్ మోరో, మారిట్ ఎంగెసెట్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, సూచనలు చూసి లెగో కట్టినవాళ్లు ఆ వెంటనే ఇచ్చిన సృజనాత్మక పనుల్లో, సొంతంగా కట్టినవాళ్ల కంటే వెనకబడ్డారు. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నది చిన్నపిల్లలు కారు కాబట్టి యథాతథంగా పిల్లలకు అంటగట్టలేం. అయినా ఇళ్లలో కనిపించేది దీనికి దగ్గరగానే ఉంటుంది: సూచనల ప్రకారం కట్టిన మోడల్‌ను విప్పడానికి పిల్లలకు మనసు రాదు, అది అలమారా ఎక్కుతుంది. మొత్తం విప్పమనకుండా ఒక్కటి మార్చమంటే ఒప్పుకుంటారు. చిన్న చక్రాల బదులు పెద్దవి పెడితే ఏమవుతుంది? ఒక కాలు తీసేస్తే నడుస్తుందా?

కొనేముందు

వయసు సంగతి టూకీగా చెప్పుకుందాం. నాలుగు నుంచి ఏడేళ్ల వాళ్లకు స్క్రీన్ లేనివి, చేత్తో పేర్చి నడిపేవి నప్పుతాయి. చదవడం బాగా వచ్చాక స్క్రీన్ మీద రంగు ముక్కలను లాగి అతికించే పద్ధతి బాగుంటుంది. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన స్క్రాచ్ ఈ పద్ధతిని ప్రపంచమంతటా పరిచయం చేసింది. చాలా కిట్ల యాప్‌లు దాన్నే అనుసరిస్తాయి. పదకొండు, పన్నెండేళ్లకు కుతూహలం ఉన్నవాళ్లు ఆదేశాలను అక్షరాలతో టైపు చేసే పైథాన్ భాషకి మారతారు. ఒకే కిట్‌లో ఈ రెండూ కుదిరితే ఎక్కువ కాలం పనికొస్తుంది. పెట్టె మీది వయసును తెలివికి కొలతగా తీసుకోకండి. "మా పాప చురుకు" అని పైవయసు కిట్ కొంటే ఎక్కువసార్లు జరిగేది నాన్న కట్టడం, పాప చూడటం.

భద్రత విషయంలో మాత్రం ఆ వయసును తు.చ. తప్పకుండా పాటించాలి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. అంతకంటే ప్రమాదకరమైనవి నాణెంలా ఉండే లిథియం బటన్ బ్యాటరీలు. మింగితే అవి ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేయగలవు. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రిమోట్‌లో ఆ బ్యాటరీ ఉంటే దాని మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. బలమైన అయస్కాంతాలు ఒకటికి మించి మింగితే పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని చిల్లులు పెడతాయి. అయస్కాంతంతో అతుక్కునే బ్లాకుల్లో పగుళ్లు కనిపిస్తే ఆ ముక్కను పారేయడమే మంచిది.

ఫోన్ యాప్‌తో నడిచే కిట్లకు రెండు ప్రశ్నలు వేయాలి. ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుందా? మైక్, కెమెరా, లొకేషన్ అనుమతులు ఎందుకు అడుగుతోంది? బ్లూటూత్‌తో ఎవరైనా కనెక్టయ్యే వీలుందన్న కారణంతో జర్మనీ 2017లో ఒక మాట్లాడే బొమ్మను నిషేధించింది. మొదటి ప్రశ్న కూడా తక్కువదేమీ కాదు. కోజ్మో, వెక్టర్ అనే బుజ్జి రోబోలను తయారుచేసిన ఆంకీ కంపెనీ 2019లో మూతపడింది. కంపెనీ సర్వర్‌ మీద ఆధారపడిన బొమ్మకు ఆయుష్షు ఆ సర్వర్ ఉన్నంత వరకే. ఈ విషయంలో బయటివాళ్లు సాఫ్ట్‌వేర్ రాసుకోవడానికి వీలున్న కిట్లు మేలు. పైబ్రిక్స్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో లెగో హబ్‌లను (రోబోను నడిపే చిన్న కంప్యూటర్ బ్లాకులను) కంపెనీ యాప్ లేకుండానే పైథాన్‌లో నడపొచ్చు. బీబీసీ తెచ్చిన మైక్రోబిట్ లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకునే బ్లాక్ కిట్లకూ ఇదే లాభం. బోర్డు వేరే చోట కూడా పనికొస్తుంది.

బ్లాకుల విషయంలో ఆ భయం తక్కువ. ఆ మామూలు ఇటుక మీద లెగోకున్న పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్క్‌గా దక్కించుకోవాలన్న ప్రయత్నాన్ని యూరోపియన్ న్యాయస్థానం 2010లో తోసిపుచ్చింది. అందుకే అవే కొలతలతో ఎన్నో కంపెనీల బ్లాకులు దొరుకుతాయి, ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. బిగువులో మాత్రం తేడా ఉంటుంది. మోటార్ చట్రానికి మంచివి, అలంకారానికి మామూలువి వాడుకుంటే సరిపోతుంది. మోటార్లు, కేబుళ్లు, హబ్‌లు మాత్రం ఒక కంపెనీవి ఇంకో కంపెనీకి సాధారణంగా కుదరవు. కొత్తది కొన్నా పాతది కొన్నా విడి మోటార్, విడి కేబుల్ దొరుకుతాయా అని ముందే కనుక్కోండి.

ఎవరో వాడిన కిట్ కొనడంలో తప్పేమీ లేదు, నేనైతే చాలామందికి అదే చెబుతాను. బ్లాకులు పదుల ఏళ్లు చెక్కుచెదరవు. అప్పుడు మొదట హబ్‌ను ఆన్ చేసి చూడండి, తర్వాత ప్రతి సాకెట్‌కీ ఒకే మోటార్‌ను మార్చి మార్చి తగిలించి తిప్పి చూడండి. బ్యాటరీ అర తెరిచి లోహపు పట్టీల మీద తెల్లటి లేక పచ్చటి పొడి పేరుకుందేమో చూడండి. బ్యాటరీలు లోపలే వదిలేసి నెలలు గడిపితే కారి అలా అవుతుంది. ఆ హబ్‌కు కావాల్సిన యాప్ మీ ఫోన్‌లో ఇప్పటికీ ఎక్కుతోందో లేదో అక్కడే, డబ్బులిచ్చేముందే, ఎక్కించి చూసుకోండి. రెండు మూడు బ్లాకులు తక్కువైతే బేరం వదులుకోనక్కర్లేదు. మోటార్ ఒకటి పనిచేయకపోతే మాత్రం ఆలోచించాల్సిందే.